మేడ మీది నూనె వాసన

మొన్న ఒక వాన సాయంత్రం మా అమ్మాయి నన్ను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కొత్తగా తెరిచిన కొరియా హోటలుకు లాక్కెళ్ళింది. బెళ్ళందూరు నుంచి అక్కడికి చేరేసరికి మామూలు రోజుల్లోనే ప్రాణం విసిగిపోతుంది, ఇక వానలో చెప్పాలా. దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను. ఈ పిల్లలకి కొరియా పిచ్చి ఎక్కడి నుంచి పట్టుకుందో గానీ, మా అమ్మాయి పుల్లలతో తినడం ఫోనులో చూసి నేర్చేసుకుంది. పప్పన్నం ముద్ద కలుపుకోవడం మాత్రం ఈ రోజుకీ సరిగ్గా రాదు.

కూర్చోగానే నాకు పాఠం మొదలుపెట్టింది. దీన్ని జొన్ అంటారమ్మా, మన అట్టులాంటిదే, కూరగాయలు, చేపలు, ఏవైనా పిండిలో ముంచి పెనం మీద నూనెలో కాలుస్తారు, వానొస్తే వాళ్ళకి ఇది తినాలనిపిస్తుందట, పండగైనా పెద్దల పూజైనా ఇది లేకుండా జరగదట, అంటూ ఒకటే వాగుడు. నవ్వొచ్చింది. ఎవరికి చెప్తున్నావే అనబోయాను. ఇంతలో పళ్ళెం వచ్చింది. ఉల్లికాడలు నిలువునా పరిచి కాల్చిన అట్టు, అంచులు కరకరలాడుతూ, పక్కన నల్లటి పులుసు గిన్నెతో. ఆ వేడి నూనె వాసన ముక్కుకి తగిలేసరికి పళ్ళెం అమ్మాయి వైపు జరిపేశాను. ఒక్క ముక్క కూడా మింగలేకపోయాను. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి నీళ్ళు తాగుతూ కూర్చున్నాను. ఆ పిల్లకి ఈ కథ ఎప్పుడూ చెప్పలేదు. నోటితో చెప్పలేనని తెలిసి, ఇలా కాగితం మీద పెడుతున్నాను.

ఆ హోటలుకు నాలుగు వీధుల అవతలే మా పాత ఇల్లుండేది. అప్పట్లో లేఅవుట్ అనేది పేరుకే. ఎర్రమట్టి రోడ్లు, వయ్యారిభామ మొలిచిన ఖాళీ సైట్లు, అక్కడొకటి ఇక్కడొకటి ఇల్లు. ట్యాంకరు వస్తే బిందెలతో పరుగు. వాన పడితే ఆటోవాళ్ళు ఆ వైపు రామని మొహం మీదే చెప్పేవాళ్ళు. మాది అసలు హొసకోటె పక్క. ఎన్ని తరాల నుంచి ఈ నేల మీద ఉన్నామో మాకే తెలియని తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. నాయనకి హొసకోటెలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. కింద మేం ఉంటూ, పైన మేడ వేసి, అదే ఫ్యాక్టరీకి కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన కొరియా ఇంజినీరుకి అద్దెకిచ్చాడు.

ఇంజినీరు పొద్దున్నే వెళ్ళిపోయేవాడు కాబట్టి మాకు తెలిసింది ఆయన పెళ్ళాం, ఆయన తల్లి. పెళ్ళాం సన్నగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. కంపెనీవాళ్ళిచ్చిన కారు తానే నడుపుకునేది. ఆడమనిషి కారు నడుపుతుంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేది. ఆమెని మేం పై అక్క అనేవాళ్ళం. తల్లి వేరే సంగతి. ముడతల మొహం, తెల్లటి పొట్టి జుట్టు, వంగిన నడుము. ఆ ఏడు మొదట్లోనే ఆమె మొగుడు పోయాడట. ఒంటరిగా ఎందుకని కొడుకు ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఆమె మాకు కొరియా అవ్వ. మా ఇంట్లో ఉన్నది మా నాయన తల్లి, అసలు అవ్వ.

అసలు అవ్వకి మొదట్లో పైవాళ్ళంటే గిట్టలేదు. వాళ్ళు మిద్దె మీద జాడీల్లో క్యాబేజీ ఊరబెట్టేవాళ్ళు. మురగబెట్టుకోని తింటారు గదప్పా వీళ్ళు, అని ముక్కు మూసుకునేది. తన ఊరగాయ జాడీ గుర్తుచేస్తే అమ్మ మీద కోపం వచ్చేది. ఒకరోజు కొరియా అవ్వ గిన్నెడు నానిన పెసరపప్పు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. మా పెరట్లో రుబ్బురోలు వైపు వేలు చూపించింది. మిక్సీలో వేస్తే ఆమెకి నచ్చలేదన్నమాట. అవ్వ కాసేపు ఎగాదిగా చూసి, జరిగి చోటిచ్చింది. ఒకరు పొత్రం తిప్పారు, ఒకరు పిండి లోపలికి తోశారు. ఆ తర్వాత పైనుంచి వచ్చిన అట్టు విరిచి నోట్లో పెట్టుకుని అవ్వ తీర్పు చెప్పింది. ఇది పెసరట్టే, అల్లం వేసేది మర్చిపోయినారు.

అప్పటి నుంచి ఇద్దరూ ఒకటే. మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చుని ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు కాబట్టే ఆ స్నేహం నిలబడిందని అమ్మ నవ్వేది. అత్తగారి మాటలు అర్థమవడం వల్ల వచ్చే కష్టం అమ్మకే తెలుసు.

నాకు చెల్లెలు ఒకతి. అప్పటికి అది ఇంకా బడికి పోవడం లేదు. మబ్బు కమ్మితే చాలు, అమ్మ తీగ మీది బట్టలు తీసేలోపే చెల్లెలు పళ్ళెం పట్టుకుని మెట్లెక్కేసేది. వానకీ పైవాళ్ళ అట్టుకీ ఉన్న సంబంధం మా ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది అదే. పై అక్క నేల మీద పీట వేసుకుని, ఎదురుగా స్టవ్ పెట్టుకుని, పెనంలో ఉల్లికాడలు పరిచి, పైన పిండి పోసేది. ఒకసారి మా ఇద్దరినీ కళ్ళు మూసుకోమంది. బయట వాన చప్పుడు, లోపల నూనెలో పిండి పడ్డ చప్పుడు. ఏది ఏదో చెప్పమంది. చెప్పలేకపోయాం. ఆమె పడీపడీ నవ్వింది. కాల్చినవన్నీ వెదురు తట్టలో చల్లారబెట్టేవాళ్ళు. కొరియా అవ్వ అటు తిరిగితే చెల్లెలు చేయి తట్టలోకి వెళ్ళేది. దానికి మధ్యలో మెత్తన అక్కర్లేదు, అంచులే కావాలి. అంచులన్నీ కొరికేసిన అట్లు తట్టలో అలాగే ఉండేవి. ఆ ముసలామె చూసి కూడా చూడనట్టే ఊరుకునేది.

వానలు ముదిరే నాటికి పై అక్క నెల తప్పింది. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరట. కడుపు మీద చేయి వేసుకుని మా అమ్మకి చెప్పినప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ చింతకాయ పచ్చడి పంపింది. అవ్వ సందెవేళ బయట తిరగొద్దని, ఖాళీ సైట్ల వైపు పోవద్దని సైగలతో ఆజ్ఞలు జారీ చేసింది. కొరియా అవ్వ ఆకాశం వైపు చూపించి, తర్వాత కోడలి కడుపు వైపు చూపించేది. పోయిన ముసలాయన మనవడిని పంపిస్తున్నాడని ఆమె నమ్మకం. అవ్వకి ఆ ఒక్కటి మాత్రం అనువాదం లేకుండానే అర్థమైంది.

వినాయక చవితి వెళ్ళిన కొద్ది రోజులకి చెల్లెలికి జ్వరం వచ్చింది. మర్నాటికి ఒళ్ళంతా నీటి పొక్కులు. అవ్వ దాని చొక్కా ఎత్తి చూసి, చెంపలు వేసుకుని, చేతులు జోడించింది. ఇంట్లోకి అమ్మవారు వచ్చిందంది. ఎండల్లో రావాల్సిన తల్లి వానల్లో రావడం మంచిది కాదని కూడా అంది. ఆ మాట అన్నాక ఆమె మొహం చూడాలంటే నాకు భయం వేసింది.

వాకిలికి వేపమండలు కట్టారు. చెల్లెలిని వేపాకు పరిచిన చాప మీద పడుకోబెట్టారు. ఇంట్లో తల దువ్వకూడదు, సబ్బు ముట్టకూడదు, బయటివాళ్ళు గడప దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా పొయ్యి మీద నూనె కాగకూడదు. తాలింపు చిటపటలాడితే, ఆ వాసన తగిలితే, తల్లికి కోపం వస్తుంది. వస్తే అలిగి వెళ్ళిపోతుంది, పోతూ బిడ్డని మిగల్చదు. మేం తాలింపు లేని పప్పు, పెరుగన్నం, రాగి అంబలి తిన్నాం. అప్పటిదాకా ఆవాలు చిటపటమనని పూట ఒకటుంటుందని నాకు తెలియదు. ఆ చప్పుడు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. అందరం గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం. ఎవరో పెద్దమనిషి లోపలి గదిలో కూర్చుని మమ్మల్ని వింటున్నట్టు ఉండేది. నేను ఆ గదిలోకి పోవాలంటే గోడని ఆనుకుని పోయేదాన్ని.

డాక్టరుకి చూపిద్దామని అమ్మ నాయన చెవిలో అంది. నాయన తల్లి మాట దాటేవాడు కాదు. చూద్దాంలే అన్నాడు. ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు నడిపి చూసే సమయమని, ఆయనా పై ఇంజినీరూ హొసకోటెలోనే ఉండిపోవడం మొదలుపెట్టారు. కింద ముగ్గురు ఆడవాళ్ళం, పైన ఇద్దరు, మధ్యలో చాప మీద చెల్లెలు.

భాద్రపద పౌర్ణమి వాళ్ళకి పెద్ద పండగ. పోయినవాళ్ళకి వండి పెట్టే రోజు. ఆ మర్నాటి నుంచి మాకూ పెద్దల పక్షమే. ఎక్కడి దేశం, ఎక్కడి లెక్క, చచ్చిపోయినవాళ్ళ విషయంలో మాత్రం అందరికీ ఒకే చంద్రుడు. పండగ ముందు రోజు పొద్దున ఆడవాళ్ళు కూర్చుని తట్టలు తట్టలుగా అట్లు కాలుస్తారు. సీమవంకాయ చక్రాలు పిండిలో దొర్లించి గుడ్డు సొనలో ముంచి కాల్చినవి, చేప ముక్కలవి, పెసరపిండివి. ఆ నూనె వాసన పట్టుకునే పోయినవాళ్ళు ఇల్లు గుర్తుపట్టి వస్తారని వాళ్ళ నమ్మకమట. ఇక్కడ చూస్తే అది ముసలాయన పోయాక మొదటి పండగ. అందులోనూ పరాయి దేశంలో. ఆయనకి దారి తెలియాలంటే ఆ వాసన ఒక్కటే ఆధారమని కొరియా అవ్వ కొన్ని రోజుల ముందు నుంచే సరుకులు సిద్ధం చేస్తోంది.

ఆ పొద్దున పైన నూనె కాగడం మొదలైంది. వాసన మెట్ల సందులోంచి కిందికి దిగింది. అవ్వ చాప పక్క నుంచి లేచి, మెట్ల దగ్గరికి పోయి, పైకి ఎక్కకుండానే అరవడం మొదలుపెట్టింది. అంత గొంతు ఆమెకి ఉందని నాకు అప్పుడే తెలిసింది. కొరియా అవ్వ హడావుడిగా దిగి వచ్చింది. మా వాకిట్లో వేపమండలు చూసింది. లోపల చాప మీద చెల్లెలిని చూసింది. అంతే, ఆగిపోయింది. గడప అవతలే నిలబడి రెండు చేతులూ రుద్దుకుంటూ, చెల్లెలి వైపు నడుము వంచి దణ్ణం పెట్టింది. చెల్లెలికి కాదు, చెల్లెలి మీద ఉన్నామెకి అని అవ్వకీ నాకూ కూడా తెలిసింది.

పై అక్క మెట్ల మధ్యలో నిలబడి తనకి వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగులో అవ్వకి చెప్పాను. కొరియా అవ్వ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళోనూ పెద్ద పొక్కులు, అంటే మశూచి, వచ్చేవి. ఆ జబ్బుని వాళ్ళు గొప్పింటి చుట్టం అనేవాళ్ళు. ఆ చుట్టం ఇంట్లో ఉన్నంతకాలం వాకిలికి తాడు కట్టేవాళ్ళు, పెద్దల పూజలు మానేసేవాళ్ళు, నూనె కాచేవాళ్ళు కాదు, ఆ వాసన చుట్టానికి పడదని. అవ్వ నోరు తెరుచుకుని విన్నది. ఈ ఊళ్ళో డాక్టర్లూ టీచర్లూ సొంత కొడుకూ కూడా ఊరికే తల ఊపే విషయాన్ని, సముద్రాల అవతలి ముసలామె ఉన్నదున్నట్టు చెప్పింది.

మరి ముసలాయన పూజ ఎట్లా అని అమ్మ అడిగింది. పై అక్క అత్తగారిని అడిగి చెప్పింది. "ఆయన పోయినాడు, ఆగుతాడు. పాప ఆగదు, అంటోంది."

పైన స్టవ్ ఆపేశారు. కలిపిన పిండి గిన్నె మీద మూత పెట్టారు. అవ్వ ఆ రోజంతా ఆ మాటే చెప్పుకుంది, కళ్ళు తుడుచుకుంటూ. వాళ్ళు పైకి పోయే ముందు పై అక్కతో మాత్రం గట్టిగా చెప్పి పంపింది. "కడుపుతో ఉండేదానివి. అమ్మవారు పోయేవరకు ఈ గడప తొక్కొద్దు తల్లీ." కొరియా అవ్వకి ఆ మాట నేను చెప్పనక్కర్లేకపోయింది. అప్పటికే కోడలి చేయి పట్టుకుని పైకి నడిపిస్తోంది.

మర్నాడు పౌర్ణమి. పొద్దుటి నుంచి ఒకటే వాన. చెల్లెలు గోక్కోవడం మానేసింది. మంచిదే కదా అనుకున్నాను. తర్వాత నీళ్ళు మింగడం మానేసింది. మధ్యాహ్నానికి నన్ను చూసి అమ్మా అంది, అమ్మని చూసి ఏమీ అనలేదు. మెడ వెనక్కి విరుచుకుంటోంది. కళ్ళు పైకి పోతున్నాయి. ఆయమ్మ ఆడిస్తా ఉండాది అని అవ్వ వేపమండతో విసురుతూనే ఉంది. అమ్మ ఫోను ఎత్తింది. లైను చచ్చిపోయి ఉంది. చీర కొంగు నెత్తిన వేసుకుని మెయిన్ రోడ్డు దాకా పోయి వచ్చింది. ఆటో లేదు, బస్సు లేదు, రోడ్డంతా నీళ్ళు. తిరిగొచ్చేసరికి అవ్వ ఆ గది గడపకి అడ్డంగా కూర్చుని ఉంది.

"నడిమధ్యలో లేపితే ఆయమ్మ ఊరుకోదు. బిడ్డని ఎత్తుకోని పోతాది. నేను చూసినా."

నిజంగానే చూసింది. ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. నాయన కంటే ముందు అవ్వకి ఒక కూతురుండేది. ఇలాగే పొక్కులొస్తే ఎవరో చెప్పారని ఎద్దులబండిలో టౌనుకి తీసుకుపోయారు. దారిలోనే పోయింది. తానే ఆ బండి ఎక్కించానని అవ్వ జీవితాంతం అనుకుంది. అందుకే ఆమె అడ్డం కూర్చున్నది మూర్ఖత్వంతో అని నేను ఎప్పుడూ అనలేను. మనవరాలిని కాపాడుకుంటున్నాననే కూర్చుంది. అమ్మ ఆమె కాళ్ళు పట్టుకుంది. అవ్వ కదల్లేదు. నాకు ఆ ఇద్దరి మధ్యా నిలబడి ఏడుపు కూడా రాలేదు.

అమ్మ లేచి మెట్లెక్కింది. నేను వెనకే పోయాను. పైన పూజ అయిపోయినట్టుంది. చిన్న బల్ల మీద అన్నం, పళ్ళు, పులుసు, అంతే. ఒక్క అట్టు లేదు. అమ్మ ఏ భాషలో చెప్పిందో నాకు గుర్తులేదు. కారు, ఆసుపత్రి అన్న రెండు మాటలు చాలు. పై అక్క వెంటనే తాళాలు తీసుకుంది. కొరియా అవ్వ ఆమె గౌను చేయి పట్టుకుని, ఇంకో చేత్తో కడుపు చూపించి, తల అడ్డంగా ఊపుతూ ఏదో వేడుకుంది. పై అక్క ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుంది. ఇదంతా అమ్మ చూసింది. తాను ఏం అడుగుతున్నదో, ఎవరిని అడుగుతున్నదో అమ్మకి తెలుసు. అయినా అడిగిన మాట వెనక్కి తీసుకోలేదు.

ఇంకా అవ్వ గడప మీదే ఉంది. ఆమెని చేయి పట్టి లాగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మ వాళ్ళ స్టవ్ దగ్గరికి నడిచి వెలిగించింది. పెనం పెట్టి, సీసాడు నూనె ఒంపింది. మూత తీసి, పులిసిన పెసరపిండి గరిటెడు తీసి పోసింది.

ఎన్నాళ్ళుగానో మా ఇంట్లో ఊపిరి కూడా గట్టిగా తీయని మనుషుల నెత్తిన ఆ నూనె చిటపటలాడింది. అమ్మ ఇంకో గరిటె పోసింది. పొగ లేచింది. తిప్పలేదు, తీయలేదు, కాలేది కాలుతుంటే చూస్తూ నిలబడింది. కొరియా అవ్వ గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. వాసన గదంతా నిండి, మెట్ల సందులోకి పాకింది.

మేం దిగేసరికి అవ్వ లేచి నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు. అమ్మని చూడలేదు, నన్నూ చూడలేదు.

"పోయింది. అలిగి పోయింది. ఇంక ఈడ కాపాడేది ఏముండాది. తీసుకోని పోండప్పా."

అని పెరట్లోకి పోయి వానలో కూర్చుంది. అమ్మ గదిలోకి పోయి చెల్లెలిని ఎత్తబోయింది. రోజుల తరబడి సరిగ్గా తిండి లేక కాళ్ళు మడతపడ్డాయి, బిడ్డతో పాటు కూలబడిపోయింది. పై అక్క గడప తొక్కి లోపలికి వచ్చింది. చెల్లెలిని దుప్పట్లో చుట్టి, తన భుజాన వేసుకుంది. చెల్లెలి మొహం ఆమె మెడకి ఆనుకుంది. అలాగే కారు దాకా మోసుకుపోయింది. వెనకే అమ్మ కూడా ఎక్కింది. వాన వల్ల అద్దాలన్నీ ఎత్తేసి, మడుగుల్లో కారు మెల్లగా పోయింది. నేను ఇద్దరు ముసలివాళ్ళతో ఇంట్లో మిగిలాను. కొరియా అవ్వ పైన స్టవ్ ఆపి వచ్చి, పెరట్లో అవ్వ పక్కన, వానలోనే కూర్చుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చెల్లెలు బతికింది. జ్వరం మెదడుకి ఎక్కబోతోందని, ఇంకాస్త ఆలస్యమైతే చేయగలిగేది ఉండేది కాదని డాక్టరు నాయనని పిలిపించి మరీ తిట్టాడట. పెద్దల పక్షం సగం గడిచాక ఇంటికి తెచ్చారు, పుల్లలా చిక్కిపోయి. అవ్వ కోపం మర్చిపోయి వేపాకు నీళ్ళు పోసి, పెరుగన్నం పెట్టి, తల్లిని సాగనంపే మర్యాదలన్నీ చేసింది. తర్వాత తానే వంటింట్లోకి పోయి పప్పుకి తాలింపు వేసింది. ఆ రోజు మేం నవ్వుకున్నాం. గండం గడిచిందనుకున్నాం. అమ్మ మాత్రం రోజూ ఏదో సాకుతో మేడ మీదికి పోయి, పై అక్క మొహం చూసి వచ్చేది.

దసరా సెలవులు ఇచ్చిన కొత్తలో, ఒక పొద్దున కొరియా అవ్వ మెట్ల మీద కనిపించింది. దిగలేదు. అక్కడే నిలబడి, తన ముడతల చేతి మీద వేలితో చుక్కలు పెట్టి చూపించింది. ఒకటి, పక్కన ఇంకొకటి, ఇంకొకటి. అమ్మ చేతిలో చేట జారిపోయింది.

పై అక్కకి చిన్నప్పుడు ఈ జబ్బు రాలేదట. పెద్దవాళ్ళకి, అందులోనూ కడుపుతో ఉన్నవాళ్ళకి వస్తే చాలా గట్టిగా వస్తుందట. ఊపిరితిత్తులకి పాకి, చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. మనిషి దక్కింది. కడుపులో బిడ్డ దక్కలేదు. నూనె వాసన పట్టుకుని అమ్మవారు మేడ ఎక్కిందని అవ్వ అంది. పాపని భుజాన వేసుకుని మోసినప్పుడు అంటుకుందని డాక్టరు అన్నాడు. ఎవరి మాట నమ్మినా దారి మా అమ్మ దగ్గరికే వచ్చింది. అమ్మ రెండూ నమ్మింది.

చలి మొదలయ్యేలోపు వాళ్ళు వెళ్ళిపోవడం ఖాయమైంది. సామాన్లు కట్టే రోజు అమ్మ నన్నూ చెల్లెలినీ తీసుకుని పైకి పోయింది. ఏదో చెప్పాలని పోయింది, గుమ్మంలోనే ఆగిపోయింది. పై అక్క సన్నగా, ఇంకా మచ్చలు మానని మొహంతో అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉంది. అమ్మ చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చెల్లెలిని ఒళ్ళోకి లాక్కుని, దాని బుగ్గ మీది మచ్చని వేలితో తడిమింది. బాగా తింటోందా, అని అడిగింది. తింటోందని నేను చెప్పాను. మంచిది అంది. అంతే. తిట్టి ఉంటే అమ్మ బతికిపోయేది.

కొరియా అవ్వ మా అవ్వ చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కారు ఖాళీ సైట్ల మధ్య మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు. ఆ రోజుల్లో మనుషులు ఊరు దాటితే అంతే.

ఆ మేడలో తర్వాత ఎవరెవరో అద్దెకున్నారు. అవ్వ పోయింది. లేఅవుట్‌లో ఖాళీ సైట్లన్నీ ఇళ్ళయ్యాయి, ఇళ్ళు ఆఫీసులయ్యాయి. మా ఇల్లు అమ్మేశాం. అమ్మ మామూలుగానే ఉండేది, వండేది, నవ్వేది, మాతో పోట్లాడేది. వాన పడ్డప్పుడు మాత్రం కిటికీ దగ్గర నిలబడి, పక్కన ఎవరుంటే వాళ్ళని ఒకే ప్రశ్న అడిగేది. మేడ మీది ఆ యమ్మకి మళ్ళా బిడ్డ పుట్టిందో లేదో. మొదట్లో పుట్టే ఉంటుందని సర్దిచెప్పేవాళ్ళం. తర్వాత విసుక్కునేవాళ్ళం. చెల్లెలు ఆ ప్రశ్న వస్తే గదిలోంచి లేచి వెళ్ళిపోయేది. దానికి జబ్బు చేసిన ప్రతిసారీ అమ్మ దాన్ని చూసిన చూపు నాకు తెలుసు. ప్రేమే, కానీ దానిలో భయం కూడా ఉండేది. చెల్లెలికి అది చిన్నప్పుడే తెలిసిపోయిందని నేను చాలా ఆలస్యంగా గ్రహించాను.

పోయినేడు అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఊపిరి కష్టంగా తీసుకుంటోంది. మధ్యాహ్నం వాన మొదలైంది. చెల్లెలు మంచం పక్కన కూర్చుని చెంచాతో నీళ్ళు పోస్తోంది. అమ్మ కిటికీ వైపు తల తిప్పి, మళ్ళీ అడిగింది. ఈసారి చెల్లెలు లేచి వెళ్ళలేదు.

"పుట్టింటుందిలేమ్మా. ఇప్పటికి పెద్దోళ్ళయింటారు," అంది.

అమ్మ దాని మొహంలోకి చూసింది.

"నువ్వు చూసొచ్చినావా?"

చెల్లెలి చేతిలో చెంచా ఆగిపోయింది. అమ్మ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. అమ్మ నోట మేం విన్న ఆఖరి మాట అదే.